చిలక ఈనుతుందన్న యాప్

చీటీలమ్మకు ఆ పేరు పశువుల ఆసుపత్రిలో వచ్చింది. పద్నాలుగేళ్ళపాటు అక్కడ మొదటి కిటికీ ఆవిడదే. వైద్యానికి వచ్చిన ప్రతి జంతువుకూ ఒక అట్టచీటీ రాసేది. ఆవులకూ గేదెలకూ పసుపు, కుక్కలకు నీలం, పిల్లులకు గులాబీ, పక్షులకు తెలుపు. చీటీమీద జంతువు పేరు, బరువు, వేసిన టీకాలు; వెనకవైపు యజమాని స్వభావం. ఈ చివరిది ఆసుపత్రి నిబంధనల్లో లేదు. "కుక్క మంచిదే. ఆయనే కరుస్తాడు" అని ఒక నీలం చీటీ వెనక రాసి ఉండేదని అక్కడి డాక్టరమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం ఆ పేరు విని, నెలనెలా చీటీలు కట్టించుకునే మనిషేమోనని కాస్త ఎడంగా నిలబడేవారు.

ఆవిడకు ముప్పై ఏడేళ్ళు వచ్చిన ఏడాది ఆ కిటికీ మూతపడింది. చీటీలన్నిటినీ ఫోన్లలోకి ఎక్కించే పని ఆసుపత్రివాళ్ళు ఒక యాప్ కంపెనీకి అప్పగించారు. కంపెనీ నుంచి ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, మూడు వారాలు చీటీలమ్మ పక్కన కూర్చుని, చూడి ఆవుకి ఏం రాస్తారు, పిల్లి బరువు ఎలా తూస్తారు అని గుచ్చిగుచ్చి అడిగింది. చీటీలమ్మ అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. ఆఖరి రోజున తను ఒక ప్రశ్న వేసింది.

"నేను నీకు చెప్పాను సరే. నువ్వు దానికెలా చెప్తున్నావో చూపిస్తావా అమ్మా?"

ఆ అమ్మాయి చూపించింది. ఓస్ ఇంతేనా అనుకుంది చీటీలమ్మ. ఇంతే కాదని తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టింది. వడ్రంగి పనికి భర్త బయలుదేరగానే వంటింటి బల్లమీద పాత ల్యాప్‌టాప్ తెరిచేది. ఆవిడ సొంతంగా రాసిన మొదటి యాప్‌లో ఒకే ఒక్క బొత్తం ఉండేది. అత్తగారు "అమ్మాయ్" అని కేకేసినప్పుడల్లా దాన్ని నొక్కితే పైనున్న అంకె పెరుగుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నానికి అంకె నలభై ఒకటికి చేరింది. ఆ సంగతి అత్తగారి కంట పడనే పడింది. కళ్ళజోడు సవరించుకుని చూసిందే గానీ, ఆవిడ కోప్పడలేదు.

"బాగానే ఉంది. నువ్వు ఎన్నిసార్లు పలికావో కూడా వేయ్. ఆ లెక్కా తేలాలిగా."

రెండో వరస పెట్టాల్సి వచ్చింది. ఒకే తెరమీద ఒకటికి మించి వరసలు పేర్చడమనే తద్దినం చీటీలమ్మకు అలా అంటుకుంది.

ముప్పై తొమ్మిదో ఏట అదే కంపెనీలో జూనియర్ ఉద్యోగానికి వెళ్ళింది. ఇంటర్వ్యూలో "అయిదేళ్ళ తర్వాత మీరు ఎలా ఉంటారు?" అని అడిగితే "నలభై నాలుగేళ్ళు వస్తాయండి" అని చెప్పింది. ఉద్యోగం ఇచ్చారు. ఆవిడ టీం లీడరుకి ఇరవై ఏడేళ్ళు. కుర్చీలో పూర్తిగా కూర్చోకుండా అంచుమీదే ఉండి, టీ చల్లారకముందే తాగి నాలుక కాల్చుకునే రకం. ఆఫీసంతా అతన్ని తొందర అనే పిలిచేది. ఎదురుగానే పిలిచేవారు, అతనూ పలికేవాడు. చీటీలమ్మ ఒక్కతే "బాబూ" అనేది.

కంపెనీ చేతిలో ఉన్న పశువుల ఆసుపత్రి యాప్‌లో ప్రాణమంతా ఒక్క తెరలోనే ఉంది. ఇంట్లో ఎన్ని జంతువులుంటే అన్నీ అందులో ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఒక్కొక్క జంతువు కింద బరువు, టీకాలు, మందుల వేళలు, ఫొటో మార్చే బొత్తం, అంబులెన్సు పిలిచే బొత్తం, ఇలా వరసలు. ఇలా వరసలుగా జారే తెరను ఆ వృత్తిలో టేబుల్ వ్యూ అంటారు. పేరు వింటే భోజనాల బల్ల గుర్తొస్తుంది గానీ, దాని దగ్గర కూర్చున్నవాళ్ళెవరూ సుఖంగా తిన్న దాఖలాలు లేవు. ఈ యాప్‌లో ఆ తెరను నడిపే ఫైలు చాంతాడంత ఉంది, నాలుగు వేల పైచిలుకు పంక్తులు. అందులో ఏ వరస ఏమిటన్నది నంబరుతోనే తేలుతుంది. సున్నా అయితే పేరు, ఒకటైతే బరువు, రెండైతే టీకాలు. ఈ జాబితా ఒకచోట ఉంటే సరిపోయేది. ఏం చూపించాలో చెప్పేచోట ఒకసారి, ఎంత ఎత్తు ఉండాలో చెప్పేచోట ఒకసారి, వేలితో తాకితే ఏం జరగాలో చెప్పేచోట ఇంకోసారి, మొత్తం మూడుసార్లు రాసి ఉంది.

చేరిన మొదటి వారంలోనే చీటీలమ్మ ఆ ఫైలు తెరిచి చదవబోతే, తొందర పరుగున వచ్చాడు.

"మేడమ్ మేడమ్, దాన్ని ముట్టుకోవద్దు. పనిచేస్తోంది కదా!"

"చదువుతున్నానంతే బాబూ."

"చదివితే ముట్టుకోవాలనిపిస్తుంది మేడమ్."

అతను చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆవిడ కొత్త మనిషి. ఫైలు మూసేసింది.

ఏడాది గడిచింది. ఎండాకాలం ముంగిట డాక్టరమ్మ ఫోన్ చేసి, యాప్‌లో ఎండ జాగ్రత్తలు చెప్పే వరస ఒకటి కావాలంది. నీడ, నీళ్ళు, ఏ లక్షణాలు కనిపిస్తే తీసుకురావాలి, ఇవీ అందులో ఉండాలి. పక్షులకు మాత్రం ఆ జాగ్రత్తలు వేరు కాబట్టి వాటికి వద్దంది. తొందరకు అది శుక్రవారం సాయంత్రం అందింది. అతను నాలుగో వరస తర్వాత కొత్తదాన్ని దూర్చి, చూపించేచోట నంబర్లు జరిపాడు, ఎత్తులు చెప్పేచోట జరిపాడు, గడియారం చూశాడు. తాకితే ఏం జరగాలో చెప్పే మూడోచోటికి వెళ్ళకుండానే రిలీజు నొక్కేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్న మొదటి ఫోను ఒక రిటైరైన లెక్కల మాస్టారి దగ్గర్నుంచి. ఆయన ఇంట్లో ఒక ఆవు, ఒక చిలక. ఫిర్యాదులు వినే ఉద్యోగి ఆయన్ని భరించలేక ఫోను చీటీలమ్మకు అందించాడు.

"అమ్మా, మీ యాప్ మా చిలక చూడితో ఉందంటోంది. పది రోజుల్లో ఈనుతుందట."

"అయ్యో, ఆవుకి రావలసింది దానికి వచ్చినట్టుందండీ. చూస్తాను."

"చూడండి. మీరు చూసేలోగా రెండు సంగతులు చెప్తాను. ఒకటి, అది మగ చిలక. రెండు, చిలకలు ఈనవు. ఇందులో ఏది ముందు సరిదిద్దుతారో మీ ఇష్టం."

చీటీలమ్మకు నవ్వాగలేదు. అవతల మాస్టారు కూడా నవ్వాడు. సమాధానం వెతకడానికి మళ్ళీ ఆ ఫైలు తెరిచింది. ఈసారి తొందర అడ్డుపడలేదు. అతను అప్పటికే మరో ఫోనులో క్షమాపణలు చెప్పుకుంటున్నాడు.

మాస్టారి చిలక సంగతి గంటలో తేలింది. తెరమీద ఎన్ని వరసలు పడతాయో ఫోను అన్నే గడులు తయారుచేస్తుంది. వేలితో పైకి తోసినప్పుడు పైన కనుమరుగైన గడినే తెచ్చి, కింద కొత్త వరసకు వాడుకుంటుంది. ఇది మంచి పొదుపే. కానీ వాడే ముందు పాత రాతలు తుడవాలి. ఇక్కడ తుడవలేదు. ఇన్నాళ్ళూ మాస్టారి ఆవూ చిలకా ఒకే తెరలో సర్దుకునేవి కాబట్టి ఈ తప్పు బయటపడలేదు. ఎండ వరస వచ్చి చిలకను తెర కిందికి నెట్టేసరికి, ఆవు రాసుకున్న గడి తుడవకుండానే చిలక కిందికి వచ్చింది. అందులో చూడి సంగతి అలాగే ఉండిపోయింది.

తొందరకు ఈ మాట చెప్పడానికి లేచి రెండడుగులు వేసిందో లేదో, ఇంటినుంచి అత్తగారి ఫోను.

"అమ్మాయ్, మన పిల్లి ఫొటో మారుద్దామని మీ యాప్‌లో నొక్కాను. గుమ్మంలోకి బండొచ్చింది. ఫొటో వీళ్ళే తీస్తారా?"

"ఏ బండి అత్తయ్యా?"

"పెద్దది. దీపం తిరుగుతోంది. ఇద్దరు మనుషులు, గేదెను ఎత్తే పట్టా తెచ్చారు."

చీటీలమ్మ ఆగి, మనసులోనే వరసలు లెక్కేసుకుంది. ఎండ వరస మధ్యలో దూరడంతో ఫొటో వరస ఒక మెట్టు కిందికి, పాత అంబులెన్సు నంబరులోకి, దిగింది. చూపించేది ఫొటో బొత్తం, చేసేది అంబులెన్సు పని.

"వాళ్ళని పంపించేయండి అత్తయ్యా, పొరపాటని చెప్పండి."

"నేను చెప్పాను. రోగి ఎక్కడని వాళ్ళు అడుగుతున్నారు. రోగి వెళ్ళి పట్టాలో పడుకుంది, లేవనంటోంది. ఎత్తబోతే ఒకాయన్ని గీరింది కూడా. ఇప్పుడు రోగి ఆయనే."

ఆ మధ్యాహ్నంలోగా ఊళ్ళో పదకొండు పిల్లుల ఇళ్ళకు అంబులెన్సులు వెళ్ళాయి. పన్నెండో ఫోను డాక్టరమ్మది. ఆవిడ అరవలేదు. "మా బండ్లు రెండే అమ్మా" అని మాత్రం అంది. ఆ మెత్తటి గొంతు స్పీకరులో విని తొందర కుర్చీ అంచుమీంచి కూడా లేచి నిలబడ్డాడు.

అతను వెంటనే వైద్యం మొదలుపెట్టాడు. నాలుగో వరస దాటాక ఏది తాకినా దాని నంబరులోంచి ఒకటి తీసేశాడు. పిల్లులూ కుక్కలూ కుదుటపడ్డాయి. కానీ పక్షులకు ఎండ వరసే లేదు. వాటి నంబర్లు ఒకటి వెనక్కి జరిగి, అంబులెన్సు నొక్కితే ఫొటో అడగడం మొదలైంది. పక్షులైతే తీయకూడదని ఒక షరతు కలిపాడు. ఆవులకు చూడి వరస అదనంగా ఉంటుందని మరిచాడు. ఇంకో షరతు. సాయంత్రానికి ఫైలు మరో అరవై పంక్తులు ఒళ్ళు చేసింది. ఇటు అతికిస్తే అటు ఊడుతోంది.

మర్నాడు పొద్దున్నే చీటీలమ్మ స్టేషనరీ గదిలో అట్టముక్కలు అడిగి తెచ్చుకుని, మీటింగు గదిలో కూర్చుంది. ఒక్కొక్క రకం వరసకి ఒక్కొక్క చీటీ. దానిమీద మూడే సంగతులు: ఏం చూపించాలి, ఎంత ఎత్తు కావాలి, తాకితే ఏం చేయాలి. నాలుగు వేల పంక్తులూ గాలించి రాస్తే పదిహేడు చీటీలయ్యాయి. పదిహేడో చీటీ గుర్రం నాడాలది. ఆసుపత్రి పుట్టి బుద్ధెరిగాక ఒక్క గుర్రమూ గేటు దాటి రాలేదు.

తొందర గది తలుపు తీసి, బల్లనిండా పరిచిన చీటీలను చూశాడు.

"ఇదేంటి మేడమ్, పేకాటా?"

"కూర్చో బాబూ. పూర్తిగా కూర్చో."

కూర్చున్నాడు. ఒక చీటీ తీసి అటూ ఇటూ తిప్పాడు. "నంబరు ఎక్కడ?"

"లేదు. బరువు వరసకి తాను బరువు వరసనని తెలుసు. తాకితే ఏం చేయాలో కూడా దానికే తెలుసు. ఇంక నంబరు దేనికి? టేబుల్ చేయాల్సిందల్లా చీటీలను వరసగా తీసుకుని, ఒక్కొక్కదాన్నీ 'నీ పనేంటి?' అని అడగడమే. పిల్లికి ఈ ఎనిమిది చీటీలు, ఆవుకి ఈ పది, చిలకకి ఏడు." చేత్తో ఎండ చీటీని తీసి పిల్లి వరసలో మధ్యన పెట్టింది. మిగతావి పక్కకి జరిగాయి. "చూడు, ఇది దూరినా అంబులెన్సు చీటీ అంబులెన్సు చీటీగానే ఉంది."

తొందర అంబులెన్సు చీటీని వేలితో తట్టి చూశాడు. "ఎన్ని రోజులు కావాలి?"

"పది రోజులు."

"కుదరదు మేడమ్. మూడు."

"ఇప్పటికే నువ్వు ఒకరోజు అతుకులేశావు. ఎన్ని ఊడాయి?"

అతను మెడ గోక్కున్నాడు. తర్వాత, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అన్నాడు: "మేడమ్, ఆ ఫైల్లో మొదటి ఆరు వందల పంక్తులూ నావే. నా మొదటి ఉద్యోగం. అప్పుడు నాలుగే వరసలు ఉండేవి. చక్కగా ఉండేది."

"నాలుగు వరసలకి అది చక్కనిదే బాబూ. నేనూ అలాగే రాసేదాన్ని."

ఆవిడ ఆ మాట ఊరడింపుకి అనలేదు. అత్తగారి కేకల యాప్ ఆవిడ అచ్చం అలాగే రాసింది. తొందర వారం రోజులు ఇచ్చాడు. అంతవరకూ ఎండ వరసను తీసేసి, డాక్టరమ్మను తనే వెళ్ళి బతిమాలుకుంటానన్నాడు.

ఆ వారం చీటీలమ్మ జీవితంలో అన్నిటికంటే సుఖమైన వారం. ఒక్కొక్క చీటీకి ఒక్కొక్క చిన్న ఫైలు. ఎవరి సామాను వాళ్ళ గదిలో. గడిని మళ్ళీ వాడే ముందు శుభ్రంగా తుడిచే ఏర్పాటు. గుర్రం నాడాలకు వీడ్కోలు. టేబుల్‌ను నడిపే అసలు ఫైలు రెండు వందల పంక్తులకు దిగివచ్చింది. ఆరో రోజుకి ఆఫీసులో అందరి ఫోన్లలోనూ పెట్టి చూశారు. చిలక చిలకలా ఉంది, ఆవు ఆవులా ఉంది. తొందర చప్పట్లు కొట్టాడు. రేపే రిలీజు అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, కొత్త యాప్‌ను అత్తగారి ఫోనులో వేసి ఇచ్చింది. దొంగచాటుగా ఒక ఆవునూ రెండు కుక్కల్నీ కూడా ఆవిడ ఖాతాలో చేర్చింది, తెర నిండడానికి. అత్తగారి బొటనవేలు మామూలుది కాదు. తెరను అప్పడాల పిండిలా తోస్తుంది. కిందికి, పైకి, మళ్ళీ కిందికి.

"అమ్మాయ్! నా పిల్లికి కొమ్ములొచ్చాయే!"

చీటీలమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి తెరమీద పిల్లే ఉంది.

"ఏవి అత్తయ్యా?"

"ఇప్పుడే పోయాయి."

"మీరు కళ్ళజోడు పెట్టుకున్నారా?"

"పెట్టుకోకపోతే పిల్లి కూడా కనపడదు నాకు. కొమ్ములే. ఇలా తోశాను, ఆవు మొహం వచ్చింది, ఒక క్షణం ఉండి పోయింది."

భర్త కూడా వచ్చి చూశాడు. ముగ్గురూ మంచంమీద కూర్చుని వంతులవారీగా తోశారు. చీటీలమ్మ తోస్తే రాదు, ఆయన తోస్తే రాదు. అత్తగారు తోస్తే కొమ్ములు ప్రత్యక్షం. పన్నెండోసారికి చీటీలమ్మకు తట్టింది. ఆఫీసులో ఇంటర్నెట్ వేగం, ఇక్కడ నత్తనడక. ఆవు ఫొటో తెమ్మని గడి కబురు పంపుతుంది. ఫొటో వచ్చేలోగా ఆ బొటనవేలి ధాటికి ఆవు పైకి పోయి, అదే గడి పిల్లి కిందికి వస్తుంది. ఆలస్యంగా వచ్చిన ఫొటో తనను పిలిచిన గడిని వెతుక్కుని వచ్చి పిల్లి మొహాన కూర్చుంటుంది. అసలు పిల్లి ఫొటో వచ్చాక సర్దుకుంటుంది. తుడవడం ఒక్కటే చాలదు; ఫొటో తెచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపి, "ఎవరికోసం వచ్చావు? వాళ్ళింకా ఇక్కడే ఉన్నారా?" అని అడగాలి.

"అత్తయ్యా, మీరు చెప్పింది నిజమే. తప్పు నాది."

"తప్పు సంగతి నాకెందుకు. కొమ్ములు బాగానే ఉన్నాయి దానికి" అంది అత్తగారు పిల్లి తల నిమురుతూ.

పొద్దున్నే చీటీలమ్మ తొందరకు సంగతి చెప్పి, ఒకరోజు వాయిదా అడిగింది. అతను కుర్చీ అంచుకి జరిగాడు, ఏదో అనబోయాడు, మళ్ళీ వెనక్కి జరిగాడు. "రెండు రోజులు తీసుకోండి మేడమ్" అన్నాడు. అతని నోట ఆ మాట విని పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పి చూశారు.

యాప్ గురువారం వెళ్ళింది. ఎండ వరస తిరిగి వచ్చింది. ఒక్క అంబులెన్సూ దారి తప్పలేదు. రెండు నెలలకు డాక్టరమ్మ, ఎండ వరస తీసేసి వానాకాలం గిట్టల జాగ్రత్తలు పెట్టాలి, అది మందుల వేళలకంటే పైన ఉండాలి అని అడిగింది. తొందర తనే కూర్చున్నాడు. ఒక చీటీ రాశాడు, ఆవుల జాబితాలో దానిపేరు ఒక పంక్తి పైకి జరిపాడు, అయిపోయింది. ఇంకా ఏదో మిగిలి ఉంటుందని అనుమానంతో అరగంటసేపు ఫోనును తోస్తూనే ఉన్నాడు. పక్కన టీ చల్లారిపోయింది. అతను చల్లారిన టీ తాగడం ఆఫీసులో అదే మొదటిసారి.

ఇప్పుడు చీటీలమ్మ జూనియర్ కాదు. కంపెనీలో ఎక్కడ వరసల తెర ఉన్నా ముందు ఆవిడకు చూపిస్తారు. ఏ తెరైనా సరే, బయటికి వెళ్ళేముందు ఆవిడ ఇంటి మంచంమీదికి రావలసిందేనని తొందర నియమం పెట్టాడు. మొన్న అతనే స్వయంగా ఒక ఫోను పట్టుకుని వచ్చాడు. అత్తగారు దాన్ని పుచ్చుకుని, చెప్పాపెట్టకుండా అక్షరాలను అన్నిటికంటే పెద్ద సైజుకి మార్చేసింది. పేర్లన్నీ సగానికి తెగిపోయాయి.

"ఏం బాబూ, పెద్దవాళ్ళు చదవక్కర్లేదా?"

తొందర ఫోను అందుకుని చూశాడు. వరస ఎత్తును ఎవరో అంకె వేసి బిగించేశారు. ఎవరో ఏమిటి, తనే.

"చదవాలి బామ్మగారూ, తప్పకుండా చదవాలి" అంటూ మంచం అంచుమీద కూర్చున్నాడు. పిల్లి వచ్చి ఒళ్ళో ఎక్కడంతో ఇంక లేవడానికి వీల్లేక, కాస్త వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు.